గుమ్మంలో ఎర్రనీళ్లు

"ఇంకో గంట టైమిస్తాను. ఆ తర్వాత ప్రెషర్ వాషర్ పెట్టి మొత్తం కడిగించేస్తాను. శనివారం మాకు ఇంకో పెళ్లి బుకింగ్ ఉంది," అని చెప్పి బార్న్ మేనేజరు తన ట్రక్కు వైపు వెళ్లిపోయాడు.

మృదులకి ఒళ్లు మండింది. ఒక ఆడపిల్ల ప్రాణం పోయిన చోటు గురించి అతను పార్కింగ్ స్థలం గురించి మాట్లాడినట్టు మాట్లాడాడు. కానీ అతనితో పోట్లాటకి దిగితే ఉన్న గంటా చేజారిపోతుంది. ఆమె కోపం దిగమింగి బార్న్ లోపలికి నడిచింది.

డల్లాస్‌కి ఉత్తరాన, ఊళ్లు దాటాక, గడ్డి పొలాల మధ్య ఉన్న పాత పశువుల కొట్టం అది. పశువులు పోయాయి, పెళ్లిళ్లు వచ్చాయి. మన దగ్గర బియ్యం బస్తాలకి వాడే గోనెగుడ్డని ఇక్కడ బల్లల మీద పరిచి, అంచుకి లేసు కుట్టి, అద్దెకిస్తారు. రంగు వెలిసిన తలుపులు, తుప్పు పట్టిన లాంతర్లు, కాలు విరిగిన కుట్టుమిషను, ఇంట్లో ఉంటే ఎప్పుడు పారేద్దామా అనుకునే సామానంతా ఇక్కడ అపురూపం. రెండు వేల పదమూడులో పెళ్లి చేసుకునే ప్రతి పిల్లకీ ఇదే పిచ్చి. ఆ పిచ్చిని అందంగా మలచడం తెలిసిన మనిషి రేణు. డల్లాస్ శివారు కాపెల్‌లో ఆమెకి చిన్న డెకరేషన్ కంపెనీ ఉండేది.

ఆ రేణు శుక్రవారం సాయంత్రం ఈ బార్న్‌లోనే, అటక నిచ్చెన కింద, తల పగిలి చనిపోయి కనిపించింది.

శుక్రవారం పొద్దున డాక్టర్ సూర్యప్రకాశ్ కూతురు ఇషా పెళ్లి గుళ్లో జరిగింది. సాయంత్రం కొత్త దంపతులు ఫోటోలు తీయించుకోడానికి బార్న్‌కి వచ్చారు. మర్నాడు రిసెప్షన్ ఇక్కడే జరగాలి. వాళ్లు వెనక పొలంలో ఫోటోలు దిగుతుండగా రేణు పోయింది. ఆ సమయానికి అటక మీద ఉన్నది ఒక్క భీమశంకరం. రేణు వ్యాపారంలో భాగస్వామి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక వడ్రంగం నేర్చుకుని, కొత్త చెక్కని పాతదానిలా చేసి పెట్టే మనిషి. ఆ మధ్యాహ్నమే లైట్ల గురించి ఇద్దరూ అందరి ముందూ గట్టిగా అరుచుకున్నారు. షెరీఫ్ ఆఫీసు వాళ్లకి ఇంకేం కావాలి? అటక మీంచి తోసేశాడన్నారు, పట్టుకుపోయారు. రేపు కోర్టు. అభియోగం నిలబడితే అతను మళ్లీ వెలుతురు చూసేది ఎప్పుడో.

డాక్టరు గారి కుటుంబం మాత్రం శనివారం రాత్రే డౌన్‌టౌన్ హోటల్లో రిసెప్షన్ కానిచ్చేసింది. 'అనుకోని కారణాల వల్ల వెన్యూ మారింది' అని అందరికీ మెసేజ్ పంపారు. రేణు చావు ఆ నాలుగు మాటల్లో సరిపోయింది.

ఈ కేసు విచారించమని మృదులని పెట్టుకున్నది రేణు తండ్రి పరంధామయ్య. రిటైరైన డాక్టరు, ఆర్నెల్లుందామని కూతురి దగ్గరికి వచ్చిన మనిషి. నిన్న కాపెల్ ఇంట్లో, రేణు సగం రంగు వేసి వదిలేసిన కుర్చీ పక్కన కూర్చుని, ఆయన ఒకే ఒక్క సంగతి అడిగాడు.

"శంకరం చెయ్యలేదమ్మా. వాడు దాన్ని అక్కా అని పిలిచేవాడు. చంపినవాడు బయట తిరుగుతూ, చంపనివాడు లోపల మగ్గితే, నా కూతురికి నేను కర్మ చేసీ ఏం లాభం? రేపు నేనూ అక్కడికి వస్తాను. దాని సామాను నేనే తెచ్చుకోవాలి."

ఆ మాటలు నిన్నటి నుంచీ ఆమె చెవిలోనే ఉన్నాయి.

* * *

మృదుల ముందు ఫోటోల గోడ చూసింది.

పాత తలుపులు నాలుగు నిలబెట్టి, వాటి మధ్య పురికొస కట్టి, బట్టల క్లిప్పులతో ఇరువైపుల వాళ్ల పాత ఫోటోలు తగిలించింది రేణు. ఒకవైపు పెళ్లికొడుకు తరఫు అమెరికన్ తాతలు, అమ్మమ్మలు. రెండోవైపు పెళ్లికూతురి తల్లి రాధారాణి గారి చిన్నప్పటి ఫోటో, ఆమె పెళ్లిఫోటో, ఇషా అన్నప్రాశన. ఒక్కో ఫోటోకి మధ్య జానెడు ఎడం, ఎక్కడా తేడా లేదు. రేణు చేతిపని ఎంత కచ్చితమో దాన్ని చూస్తే తెలుస్తుంది.

అంత కచ్చితమైన వరుసలో ఒకచోట పెద్ద ఖాళీ ఉంది. రెండు క్లిప్పులు మాత్రం పురికొసకి అలాగే వేలాడుతున్నాయి. మృదుల కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వంగింది. ఒక క్లిప్పు నోట్లో బూడిదరంగు దళసరి అట్ట ముక్క, గోరంత, చిరిగి ఇరుక్కుపోయి ఉంది.

ఎవరో తీరిగ్గా తీసిన ఫోటో కాదిది. లాగేసిన ఫోటో.

ఆ అట్ట రంగు చూడగానే ఆమెకి పరంధామయ్య మాట గుర్తొచ్చింది. కాలేజీ గ్రూప్ ఫోటోలు అంటించే అట్ట. నిన్న ఆయనే చెప్పాడు: "పెళ్లికూతురి తండ్రి మా మెడికల్ కాలేజీ బ్యాచేనమ్మా, సూర్యప్రకాశం. ఆయన చదువుకునే రోజుల ఫోటో ఒక్కటీ ఆ ఇంట్లో లేదట, వరదల్లో పోయాయట. మా బ్యాచ్ ఫోటో నా దగ్గరుంటే రేణుకిచ్చాను. సర్‌ప్రైజ్ చేస్తానంది. రిసెప్షన్లో నన్నూ ఆయన ముందు నిలబెడతానంది."

నిన్న ఆ మాటని ఆమె దుఃఖంలో ఉన్న తండ్రి జ్ఞాపకంగా విని ఊరుకుంది. ఇప్పుడు దాన్ని మళ్లీ మొదట్నుంచి తలుచుకుంది.

ఫోన్ తీసింది. ఒక్క గీత కూడా సిగ్నల్ లేదు. ఈ బార్న్ చుట్టుపక్కల ఎక్కడా ఉండదని, గేటు దాటి మెయిన్ రోడ్డు ఎక్కితేనే వస్తుందని గేటు దగ్గర కాపలా ఉన్న షెరీఫ్ ఆఫీసు డెప్యుటీ పొద్దునే చెప్పాడు. ఆమె ఫోన్ లోపల పెట్టేసి గుమ్మం వైపు నడిచింది.

బార్న్ ముందు తలుపులు రెండు. గాలికి కొట్టుకోకుండా ఒక తలుపుకి పాత బొగ్గుల ఇస్త్రీ పెట్టె అడ్డం పెట్టి ఉంది. రెండో తలుపుకి ఏమీ లేదు. రేణు ఏదైనా జతగానే పెడుతుంది. మరి రెండో ఇస్త్రీ పెట్టె ఏమైనట్టు? గుమ్మం దగ్గర్నుంచి అటక నిచ్చెన దాకా నేలంతా అలంకారం కోసం గడ్డి పరిచారు. మనిషిని ఈడ్చుకెళ్లినా దాని మీద జాడ మిగలదు.

గుమ్మం చెక్క పలక మీద వెడల్పాటి ఎర్రటి మరక ఉంది. అంచుల్లో కాస్త వెలిసింది గానీ నడుమ చిక్కగానే ఉంది.

"అది నెత్తురు కాదు, కంగారు పడకు. హారతి నీళ్లు," అన్నారెవరో వెనకనుంచి.

ఆ గొంతు వినగానే మృదులకి నోరు చేదైపోయింది. చక్రపాణి! ఒకప్పుడు ఇద్దరూ ఒకే ఇన్సూరెన్స్ కంపెనీలో ఇన్వెస్టిగేటర్లు. ఆమె తవ్వి తీసిన కేసులని అతను మీటింగుల్లో తన పేరుతో చెప్పుకుని పైకెళ్లాడు. ఇప్పుడు సొంత ఏజెన్సీ, ఇస్త్రీ మడత చెరగని చొక్కా. ఈ కేసులో సూర్యప్రకాశ్ కుటుంబానికి ఇబ్బంది రాకుండా చూసుకునే పని అతనిది.

"ఎవరు చెప్పారు నీకు?" అంది మృదుల.

"చెప్పేదేంటి? డెప్యుటీలు ఈ మరక చూసి హడలిపోయారు. నేనే వాళ్లకి ఎక్స్‌ప్లెయిన్ చేశాను. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రగా అవుతుంది, కొత్త దంపతులకి దిష్టి తీస్తారు, మా ఆచారం అని. శాంపిల్ కూడా తీసుకోకుండా వదిలేశారు. చాలా థాంక్స్ చెప్పారు కూడా."

"థాంక్స్ చెప్పారా! చెప్పే ఉంటారు. వాళ్లు చేయాల్సిన పని నువ్వు తప్పించావుగా."

"మృదుల గారూ, మీకు నా మీద కోపం ఉంటే అది వేరే సంగతి. ఇది ఓపెన్ అండ్ షట్ కేసు. అమ్మాయి దొరికింది అటక కింద. అటక మీద ఉన్నది అతనొక్కడే."

"ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటోలు చూశావా? పొలంలో పెళ్లికూతురు నవ్వుతున్న ప్రతి ఫోటోలోనూ వెనకాల అటక కిటికీలో శంకరం లైట్లు కడుతూ కనిపిస్తాడు. ముఖం పొలం వైపు, వీపు బార్న్ లోపలికి. కింద ఏం జరిగినా అతనికి కనపడదు."

"అదే కదా నేననేది! అటక మీదే ఉన్నాడని ఆ ఫోటోలే సాక్ష్యం."

"ఆమె అటక మీంచే పడిందనుకుంటే సాక్ష్యమే. ఇక్కడ, ఈ గుమ్మంలో పోయిందంటే? అప్పుడు అవే ఫోటోలు అతన్ని విడిపిస్తాయి."

చక్రపాణి నవ్వాడు. "గుమ్మంలో ఏముంది, హారతి నీళ్లు తప్ప?"

మృదుల దగ్గర్లో ఉన్న బల్ల దగ్గరికెళ్లింది. గోనెగుడ్డ మీద ఆవకాయ సీసాల్లాంటి గాజు జాడీలు పెట్టి, వాటినిండా పచ్చటి నిమ్మకాయలు నింపి, పైన పూలు గుచ్చారు. పూలు వడిలిపోయాయి. నిమ్మకాయలు మాత్రం బాగానే ఉన్నాయి. ఒకటి తీసుకుని, గేటు వైపు చెయ్యెత్తి డెప్యుటీని పిలిచింది. అతను వచ్చేదాకా ఆగి, అతని కళ్లముందే కాయ కోసి, మరక అంచున ఒక్క చుక్క పిండింది.

చుక్క పడినచోట ఎరుపు చప్పున పసుపైపోయింది.

"చూశావా? నేను చెప్పలేదూ?" అన్నాడు చక్రపాణి ఉత్సాహంగా. "సున్నం విరిగి మళ్లీ పసుపైంది. హారతే!"

"ఆగు."

రెండో చుక్క మరక నడుమ పిండింది. ముగ్గురూ వంగి చూశారు. పైపైన పసుపురంగు పొర తేలింది. దాని కింద ముదురు ఎరుపు అలాగే ఉంది. పోలేదు, మారలేదు. చెక్క సందుల్లోకి దిగి గడ్డకట్టి ఉంది.

చక్రపాణి ముఖంలో నవ్వు ఎటుపోయిందో తెలీదు.

"కింద నెత్తురు. పైన హారతి నీళ్లు," అంది మృదుల. "మనవాళ్లెవరు చూసినా హారతే అనుకుంటారు. మనవాళ్లు కానివాళ్లు చూస్తే, నీలాంటివాడు పక్కనుండి నచ్చచెప్తాడు. చేసినవాడు ఇదంతా ముందే ఆలోచించాడు చక్రపాణీ. ఆ కనపడని రెండో ఇస్త్రీ పెట్టెతో ఇక్కడే కొట్టి, గడ్డి మీద అటక కిందికి ఈడ్చేశాడు. నువ్వు జీతం పుచ్చుకుని వాడి పని పూర్తి చేశావు."

డెప్యుటీకి తెలుగు రాదు గానీ కళ్లున్నాయి. మృదుల ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు చెప్పేసరికి రేడియోలో ల్యాబ్ వాళ్లని పిలిచి, గుమ్మానికి అడ్డంగా పసుపు టేపు కట్టడం మొదలెట్టాడు. దూరంగా మేనేజరు ప్రెషర్ వాషర్‌ని మళ్లీ ట్రక్కులోకి ఎక్కించాడు.

చక్రపాణి గొంతు తగ్గించాడు. "సరే. నెత్తురే అనుకుందాం. శంకరం కూడా తెలుగువాడే. పైన ఎర్రనీళ్లు పోయడం అతనికి మాత్రం చేతకాదా?"

"అతను కిటికీలో ఉన్నాడని చెప్పానా? నాతో రా, ఇంకోటి చూపిస్తాను."

బార్న్‌కి కుడివైపు, మనుషులు నడిచే దారికి దూరంగా, పెద్ద పెకాన్ చెట్టు ఉంది. దాని మొదట్లో, రెండు వేళ్ల సందున, మట్టి మీద ఎర్రటి చార. పక్కనే కర్పూరం కాలిన నల్లటి మచ్చ, ఎండిన తమలపాకు. మృదుల అక్కడా ఒక చుక్క పిండింది. మొత్తం పసుపైపోయింది. కింద ఏమీ లేదు.

"ఇది అసలు హారతి. రాధారాణి గారు కూతురికీ అల్లుడికీ దిష్టి తీసి పారబోసింది ఇక్కడ. ఎర్రనీళ్లు ఎవరూ తొక్కని చోట పోస్తారు. దిష్టంతా ఆ నీళ్లలోకి వచ్చిందని కదా నమ్మకం! దాన్ని తీసుకొచ్చి, కొత్త జంట లోపలికి అడుగుపెట్టే గుమ్మంలో ఏ ఆడదైనా పోస్తుందా?"

"ఇంత వివరం నాకు తెలీదు," అన్నాడు చక్రపాణి. అబద్ధం కాదది.

"నీకు తెలీదు. మగవాళ్లెవరికీ తెలీదు. పళ్లెం ముందు నిలబడి దిష్టి తీయించుకుని లోపలికి పోతారు. వెనకాల ఆ నీళ్లు ఎవరు, ఎక్కడ పోశారో మీరెప్పుడు తిరిగి చూశారు గనక?"

తనకెలా తెలుసో ఆమె చెప్పలేదు. చెప్పాలనిపించలేదు కూడా. మొగుడు పోయినప్పటి నుంచీ ఎవరింట్లో శుభకార్యమైనా హారతి వేళకి ఆమెని మర్యాదగా పక్కకి జరుపుతారు. 'నువ్వు లోపల కూర్చో అమ్మా, అలిసిపోయావు' అంటారు. అలిసిపోయింది ఎవరో అందరికీ తెలుసు. అలా గోడవారగా నిలబడి, ముత్తైదువలు పళ్లెం తిప్పడం, నీళ్లు జాగ్రత్తగా మూలకి తీసుకెళ్లి పోయడం ఎన్ని పెళ్లిళ్లలో చూసిందో! ఆ అవమానం ఇన్నాళ్లకి ఒక పనికొచ్చింది. దానికి సంతోషించాలో ఏడవాలో ఆమెకే తెలియలేదు.

"అంటే," చక్రపాణి నెమ్మదిగా అన్నాడు, "హారతి ఎరుపని తెలిసినవాడు. ఎక్కడ పోస్తారో తెలియనివాడు."

"ఫోటోల గోడ మీంచి ఒక బ్యాచ్ ఫోటోని లాక్కుపోవాల్సిన అవసరం కూడా ఉన్నవాడు."

చక్రపాణి గేటు వైపు చూశాడు. మొదటిసారి అతని మొహంలో భయం కనిపించింది. తన క్లయింటు కారు అప్పుడే గేటు దాటి లోపలికి వస్తోంది.

* * *

డాక్టర్ సూర్యప్రకాశ్ కారు దిగాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, రోజూ టెన్నిస్ ఆడతాడు, అది భుజాల్లో తెలుస్తుంది. వెనకే రాధారాణి. పెళ్లి అలసట ఇంకా తీరలేదు, చేతులకి గోరింటాకు ఎర్రగానే ఉంది. అలంకారం కోసం రేణుకి ఇచ్చిన ఇత్తడి గుండిగలు, దీపపు సెమ్మెలు తీసుకెళ్లడానికి వచ్చారు.

"ఏంటి చక్రపాణీ, మళ్లీ ఈ టేపులేంటి? అంతా అయిపోయిందన్నావు?" అన్నాడు సూర్యప్రకాశ్.

చక్రపాణి నోరు తెరవబోతే మృదుల ముందుకొచ్చింది. "చిన్న ఫార్మాలిటీ అండీ. నా పేరు మృదుల. రేణు తండ్రి గారి తరఫున వచ్చాను."

రాధారాణి కళ్లు దించుకుంది. "పాపం, ఆ పెద్దాయన్ని పలకరించడానికి రాలేకపోయామమ్మా. పెళ్లిల్లు కదా, మైల ఇంటికి వెళ్లకూడదన్నారు ఈయన. నాకు మనసొప్పలేదు. బంగారం లాంటి పిల్ల. నాకు ఈ పాత చెక్కలూ గోనెపట్టాలూ ఒక్కటీ నచ్చలేదు, హోటల్లో చేద్దామంటే ఇషా వినలేదు. ఆ పిల్ల నా దగ్గర కూర్చుని, 'ఆంటీ, మీ పెళ్లిఫోటో పెట్టి చూపిస్తాను, అప్పుడు మీకే నచ్చుతుంది' అంది. నిజంగానే నచ్చింది."

"శుక్రవారం ఇక్కడ హారతిచ్చింది మీరేనా అండీ?"

"నేనే. పళ్లెం, పసుపు, సున్నం డబ్బా అన్నీ బుట్టలో సర్దుకుని తెచ్చాను. హారతిచ్చి, బుట్ట ఈ గుమ్మం పక్కనే పెట్టి ఫోటోలకి వెళ్లాం. పెళ్లికూతురి తల్లిని కదా, నేను లేకపోతే ఎలా?"

"అందరూ వెళ్లారా?"

"అందరం వెళ్లాం. రేణు ఒక్కతే ఇక్కడ పూలు సర్దుకుంటూ ఉండిపోయింది."

మృదుల తల పంకించి డాక్టరు వైపు తిరిగింది. గొంతులో ఏ తేడా రానివ్వలేదు.

"డాక్టరు గారూ, ఈ టేపు గొడవంతా ఆ ఎర్ర మరక గురించే. షెరీఫ్ వాళ్లకి మన పద్ధతులు తెలీవు కదా. హారతి నీళ్లని మీరొక్క మాట చెప్తే తీసేస్తారు. మామూలుగా ఆ నీళ్లు ఎక్కడ పోస్తారండీ?"

"ఇదో పెద్ద ప్రశ్నా?" సూర్యప్రకాశ్ విసుక్కున్నాడు. "గుమ్మంలోనే పోస్తారు. హారతిచ్చాక రాధ అక్కడే పోసింది. నా కళ్లతో చూశాను. కావాలంటే స్టేట్‌మెంట్ ఇస్తాను."

చక్రపాణి నేల చూపులు చూశాడు. మృదుల చూస్తున్నది రాధారాణిని.

ఆవిడకి మొదట అర్థం కాలేదు. భర్త ఏదో పొరపాటు పడ్డాడనుకున్నట్టు చిన్నగా నవ్వింది. "అదేంటండీ, నేనక్కడెందుకు పోస్తాను? పిల్ల తొక్కుకుంటూ లోపలికి పోవద్దూ? ఆ చెట్టు మొదట్లో పోశాను."

"చెట్టు దగ్గరో, గుమ్మం దగ్గరో. ఎక్కడ పోస్తేనేం?"

"నా కళ్లతో చూశానన్నారు కదా?"

"రాధా, ఊరుకో!"

ఆవిడ ఊరుకోలేదు. టేపు వైపు, గుమ్మం మీది మరక వైపు, అక్కడ కాపలాగా నిలబడ్డ డెప్యుటీ వైపు చూసింది. ఆ చూపు తిరిగి భర్త మీదికి వచ్చేసరికి నవ్వు లేదు.

"శుక్రవారం ఇంటికెళ్లాక బుట్ట సర్దుతుంటే సున్నం డబ్బా మూత ఊడి ఉంది. పసుపు సగం లేదు. పిల్లలెవరో పారబోశారని తిట్టుకున్నాను." ఆవిడ భర్త వైపు ఒక అడుగు వేసింది. "మధ్యలో హాస్పిటల్ నుంచి కాల్ అని ఫోటోల దగ్గర్నుంచి వెళ్లిపోయారు మీరు. మీరు లేకుండానే ఫ్యామిలీ ఫోటోలు రెండు తీసేశారని ఇషా ఏడ్చింది కూడా. ఏమండీ, ఇక్కడ ఫోన్లే పనిచెయ్యడం లేదని ఆ రోజంతా పిల్లలు గోలపెట్టారు. మీకు కాల్ ఎలా వచ్చింది?"

సూర్యప్రకాశ్ చక్రపాణి వైపు చూశాడు, డబ్బిచ్చి పెట్టుకున్న మనిషి ఏదో ఒకటి అంటాడని. చక్రపాణి రెండడుగులు వెనక్కి వేసి డెప్యుటీ పక్కకి చేరాడు. అతను పైకొచ్చిన పద్ధతే అది, ఎప్పుడు ఎవరి పక్కన నిలబడాలో బాగా తెలుసు.

"నాన్సెన్స్!" అన్నాడు సూర్యప్రకాశ్ చివరికి. "ఆ అమ్మాయిని నేనెందుకు చంపుతాను? నాకేం అవసరం? ఎవరో ఏదో ఫోటో తీసుకుంటే..."

"ఫోటో సంగతి మీకు ఎవరూ చెప్పలేదే," అంది మృదుల.

ఆయన కారు తలుపు వైపు చూశాడు. మృదులకి మాత్రం లోపల ఒక చిక్కు ఇంకా విడలేదు. ఫోటో లాక్కుపోయింది ఈయనే. రేణుని చంపిందీ ఈయనే. కానీ చదువుకున్న రోజుల ఫోటో చూసి ఎవరైనా మురిసిపోతారు. దానికోసం మనిషి ప్రాణం తీస్తారా? తన బ్యాచ్ ఫోటో అంటే ఈయనకెందుకంత భయం?

గేటు దగ్గర మరో కారు ఆగింది.

పక్కింటివాళ్లెవరో తలుపు తీసి పట్టుకుంటే పరంధామయ్య దిగాడు. చేతికర్ర ఊతంతో, గడ్డం మాసి, నాలుగు రోజుల్లో పదేళ్లు పైబడినట్టు ఉన్నాడు. కంకర దారి మీద మెల్లగా నడుచుకుంటూ వచ్చి, గోరింటాకు చేతుల్ని చూసి రాధారాణి ముందు ఆగాడు.

"పెళ్లికూతురి అమ్మగారు మీరేనా తల్లీ? రేణు మీ గురించి చెప్పేది." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "పిల్ల పెళ్లి ఇలా అయినందుకు ఏమనుకోకండి. మీకు చెడు జరగాలని అది ఎన్నడూ అనుకోలేదు."

కూతుర్ని పోగొట్టుకున్న మనిషి తమకి క్షమాపణ చెప్తుంటే రాధారాణి తట్టుకోలేకపోయింది. రెండు చేతులూ జోడించింది.

"ఏడమ్మా మా సూర్యం?" అన్నాడు పరంధామయ్య. "ఒక్కసారి వాణ్ణి చూసి పోదామని వచ్చాను. అమెరికా వెళ్లి మమ్మల్నందర్నీ మర్చిపోయాడని నలభై ఏళ్లు తిట్టుకున్నాం. వీసా కోసం మద్రాసు వెళ్తున్నానని రైలెక్కినవాడు, మళ్లీ ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు."

రాధారాణి మెల్లగా చెయ్యెత్తి తన భర్తని చూపించింది.

పరంధామయ్య జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. ఎదుటి మనిషిని కిందనుంచి పైదాకా చూశాడు. సూర్యప్రకాశ్ తల పక్కకి తిప్పుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది.

"ఈయన సూర్యమేంటమ్మా?" అన్నాడు ముసలాయన అయోమయంగా. "వీడు కృష్ణారావు. సూర్యం రూమ్మేటు. ఫైనలియర్ మూడుసార్లు తప్పాడు. సూర్యాన్ని మద్రాసు దాకా దిగబెట్టి వస్తానని తోడు వెళ్లింది వీడే."

రాధారాణి చెయ్యి ఇంకా భర్త వైపే చాచి ఉంది. ముప్పై ఏళ్లకి పైగా ఏ పేరుకి ముందు శ్రీమతి అని రాసుకుందో ఆ పేరు మనిషి ఎవరో ఆవిడకి తెలియదు.

"ఏరా కృష్ణారావ్," పరంధామయ్య ఒక్కడుగు ముందుకు వేశాడు. "సూర్యం ఏమయ్యాడురా?"

మృదుల డెప్యుటీకి ఇంగ్లిష్‌లో రెండు ముక్కలు చెప్పింది. డెప్యుటీ వచ్చి ఆ మనిషి మోచెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు పరంధామయ్య చూపు గుమ్మానికి కట్టిన పసుపు టేపు మీద, దాని వెనక మరక మీద పడింది. అక్కణ్ణుంచి మృదుల ముఖం మీదికి వచ్చింది. డాక్టరు ఆయన, నెత్తుటి మరక ఏదో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అడగాల్సినదేదో అడగబోయి ఆగిపోయాడు. సమాధానం తనకే తెలిసిపోయింది.

చేతికర్ర జారి కంకర మీద పడింది. మృదుల పరుగున వెళ్లి ఆయన్ని పట్టుకుంది.

"ఆ ఫోటో నేనే ఇచ్చానమ్మా దానికి," అన్నాడు పరంధామయ్య. "అది అడగను కూడా లేదు. నేనే పెట్టె అడుగునుంచి వెతికి తీసిచ్చాను."